ట్రాక్టర్ ధర పెరిగిందా, తగ్గిందా? కొటేషన్ చేతిలో పట్టుకుని తేల్చుకునే పద్ధతి

ఒకే షోరూంలో, ఒకే రోజు, ఒకరు "జీఎస్టీ తగ్గింది, రేట్లు దిగాయి" అంటారు. ఇంకొకరు "కంపెనీ మళ్లీ పెంచింది, ఈ నెలలోనే బుక్ చేసుకోండి" అంటారు. రెండూ నిజమే కావచ్చు. తగ్గింది పన్ను, పెరిగింది కంపెనీ అసలు ధర. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే మీకు దక్కాల్సిన తగ్గింపు ఎక్కడ ఆగిపోయిందో కనిపించదు. కొత్త బండి కొనేవాళ్లకూ, పాత బండి బేరమాడేవాళ్లకూ, ఉన్న బండిని అమ్ముకోవాలనుకునేవాళ్లకూ ఈ లెక్క ఒక్కటే. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు పన్ను తీసేసి చూడండి

2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ట్రాక్టర్ల మీద పన్నును 12 నుంచి 5 శాతానికి దించింది. సెప్టెంబరు 22 నుంచి అది అమల్లోకి వచ్చింది. దుక్కి పరికరాలు, కోత, నూర్పిడి యంత్రాలు, డ్రిప్పు, స్ప్రింక్లర్లు కూడా 12 నుంచి 5కు వచ్చాయి. ట్రాక్టర్ వెనక టైర్లు, వాటి ట్యూబులు, గేర్‌బాక్స్, క్లచ్, రేడియేటర్, సైలెన్సర్ లాంటి విడిభాగాలు 18 నుంచి 5కు దిగాయి.

పన్ను 7 శాతం తగ్గితే బిల్లు కూడా 7 శాతం తగ్గాలని చాలామంది అనుకుంటారు. అలా తగ్గదు. వంద రూపాయల వస్తువుకు ముందు 112 కట్టేవాళ్లం, ఇప్పుడు 105 కడుతున్నాం. 112లో 7 అంటే 6.25 శాతం. పాత బిల్లులో ప్రతి లక్షకూ 6,250 రూపాయలు తగ్గాలి, అంతే. కేంద్ర వ్యవసాయ శాఖ అప్పట్లో చూపిన లెక్కలు కూడా ఇలాగే వచ్చాయి: ఆరున్నర లక్షల 35 హెచ్‌పీ ట్రాక్టర్ మీద సుమారు 41,000, 6 అడుగుల రోటావేటర్ మీద 7,812, 14 అడుగుల కట్టర్ బార్ ఉన్న కంబైన్ హార్వెస్టర్ మీద 1,87,500 రూపాయలు. వెనక టైర్లలో తగ్గుదల ఇంకా ఎక్కువ. 118 కట్టే చోట 105 అంటే దాదాపు 11 శాతం.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో 2025 సెప్టెంబరుకు ముందు అదే మోడల్ కొన్నవాళ్ల బిల్లు సంపాదించండి. నోటిమాట పనికిరాదు, బిల్లే చూడాలి. అందులో ట్రాక్టర్ ధరను 1.12తో భాగించండి. ఇవాళ్టి కొటేషన్‌లో ట్రాక్టర్ ధరను 1.05తో భాగించండి. వచ్చిన రెండు అంకెలే అసలు ధరలు.

పాత బిల్లులో 7,84,000 ఉందనుకుందాం. 1.12తో భాగిస్తే సరిగ్గా 7,00,000. కంపెనీ ఏమీ పెంచకపోతే ఇవాళ బిల్లు 7,35,000 రావాలి. మీకిచ్చిన కొటేషన్‌లో 7,60,000 ఉంది. దాన్ని 1.05తో భాగిస్తే 7,23,810. అంటే అసలు ధర 23,810 పెరిగింది, 3.4 శాతం. మీ జేబుకు మాత్రం 24,000 మిగిలింది. "తగ్గింది" అన్నవాడూ "పెరిగింది" అన్నవాడూ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. 49,000 రావాల్సిన చోట 24,000 వచ్చిందన్నది మాత్రం ఇద్దరూ చెప్పలేదు. బేరం మొదలుపెట్టాల్సింది ఆ తేడా దగ్గరే.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, పేరు ఒకటే కదా అని రెండు వేర్వేరు బండ్లను పోల్చడం. ఒకే మోడల్ పేరు మీద పవర్ స్టీరింగ్ ఉన్నది, లేనిది, సింగిల్ క్లచ్, డ్యూయల్ క్లచ్, మామూలు బ్రేకులు, ఆయిల్ బ్రేకులు, వెనక 13.6-28 టైర్లు, 14.9-28 టైర్లు, టూ వీల్, ఫోర్ వీల్ డ్రైవ్ అని రకాలుంటాయి. లిఫ్ట్ ఎత్తగలిగే బరువు కూడా మారుతుంది. ఇవన్నీ రెండు కాగితాల్లోనూ ఒకటేనని చూసుకున్నాకే భాగహారం చేయండి.

కొటేషన్‌లో ఏ వరుస ఏమిటి

"ఆన్‌రోడ్ మొత్తం ఇంత" అని ఒకే అంకె రాసిచ్చిన కాగితాన్ని వెనక్కి ఇచ్చేయండి. ట్రాక్టర్ ధర, జీఎస్టీ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, సామాన్లు అని విడివిడిగా రాయించండి. ట్రాక్టర్ మీద తగ్గిన పన్ను మిగతా వరుసల్లోకి ఎక్కి కూర్చునేది ఇక్కడే. బంపర్, హుక్కు, టాప్ లింక్, డ్రాబార్, టాపు ఇంతకుముందు బండితో పాటే వచ్చేవేమో పాత బిల్లులో చూడండి. ఇప్పుడు వాటికి విడిగా డబ్బు అడుగుతుంటే దాన్ని కూడా పెరుగుదల కిందే లెక్కవేయండి. ఇన్సూరెన్స్ ప్రీమియం మీద పన్ను 18 శాతమే, అది తగ్గలేదు. ఇంజిన్ ఆయిల్ మీదా అంతే. పైన చెప్పిన టైర్ల తగ్గింపు వెనక టైర్లకు మాత్రమే. ముందు టైర్ల ధర "అదే లెక్కన తగ్గింది" అని ఎవరైనా అంటే పాత బిల్లు పక్కన పెట్టి చూడండి.

పాత బండి ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లు రెండు కొటేషన్లు అడగాలి: పాత బండి ఇస్తే ఎంత, ఇవ్వకుండా ఊరికే కొంటే ఎంత. మీ పాత బండికి 3,40,000 కడతామన్నారనుకుందాం. అదే షోరూం, ఎక్స్ఛేంజ్ లేకపోతే 30,000 డిస్కౌంట్ ఇస్తానంటే, మీ బండికి నిజంగా కట్టిన విలువ 3,10,000. బయట 3,25,000కు అడిగేవాడు ఉంటే వాడికే అమ్మాలి.

అసలు ధర ఎందుకు కదులుతుంది

ట్రాక్టర్ అంటే ఎక్కువ భాగం పోత ఇనుము, ఉక్కు, రబ్బరు. ఈ మూడింటి ధర పెరిగితే కొన్నాళ్లకు ఆ పెరుగుదల షోరూంకు చేరుతుంది. పన్ను తగ్గడంలోనే ఇంకో కారణం దాగి ఉంది. కంపెనీ కొనే ఉక్కు మీద 18 శాతం పన్ను, అమ్మే ట్రాక్టర్ మీద 5 శాతం. కొన్నప్పుడు కట్టిన పన్ను మొత్తం అమ్మేటప్పుడు సర్దుబాటు కాదు. మిగిలినదాంట్లో ముడి సరుకు మీద కట్టినదానికి రీఫండ్ అడగవచ్చు గానీ, యంత్రాల మీద, సేవల మీద కట్టినదానికి రీఫండ్ లేదు. ఆ భారం కొంత అసలు ధరలోకి వస్తుంది. కాబట్టి 2, 3 శాతం పెరుగుదల కనిపిస్తే మోసమని వెంటనే అనుకోనక్కర్లేదు. అంతకు మించి ఉంటే మాత్రం ఏ భాగం మారిందో చూపించమని అడగండి.

పొగ నిబంధనల సంగతి వేరు. 50 హెచ్‌పీ దాటిన ఇంజిన్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. మెకానికల్ పంపు స్థానంలో చాలా బండ్లకు కంప్యూటర్ నడిపే కామన్ రైల్ పంపులు, సెన్సర్లు వచ్చాయి. ధర ఒక్కసారిగా పైకి వెళ్లింది. అందుకే 50 హెచ్‌పీకి కాస్త కిందనే ఆగిన మోడళ్లు షోరూంలో ఎక్కువగా కనిపిస్తాయి. పాత బండ్ల బేరంలో కూడా దీని ప్రభావం ఉంది. 2022లో తయారైన 55 హెచ్‌పీ బండికి ఊళ్లో మెకానిక్కే నాజిల్, పంపు చూసేయగలడు కాబట్టి దాని ధర అంత త్వరగా పడదు. అలాంటిది మీ దగ్గర ఉంటే తొందరపడి అమ్మకండి.

ఎప్పుడు అడగాలన్నది కూడా ధరలో భాగమే. తొలకరి ముందు, దసరా దీపావళి రోజుల్లో గిరాకీ ఉంటుంది. పండగ ఆఫర్లు ఉన్నా బేరానికి చోటు తక్కువ. జనవరి రాగానే ముందటేడు తయారైన బండి షెడ్డులో ఉంటే డీలరుకు అది బరువు. మీకూ అది పూర్తిగా లాభం కాదు, ఎందుకంటే ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం పడతాయి. రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగానే చూస్తారు. డిసెంబరులో తయారైన బండిని జనవరిలో కొంటుంటే, ఆ ఒక్క నెలకు ఏడాది విలువ పోతుందని చెప్పి తగ్గింపు అడగండి. తయారీ నెల బండి మీది ప్లేటులోనో ఛాసిస్ నంబరులోనో ఉంటుంది. డబ్బు కట్టేముందే చూడాలి.

పాత బండ్ల సంగతి దమ్మును, అంటే నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నే పనిని బట్టి నడుస్తుంది. వానాకాలం దమ్ముకు ముందు, యాసంగి లేదా దాళ్వా దమ్ముకు ముందు అమ్మేవాడిదే పైచేయి. దమ్ములు ముగిసిన రెండు మూడు వారాలకు కిస్తీ కట్టాల్సినవాళ్లు బండ్లు బయటపెడతారు. ఆ సమయంలో ఇంకో మేలుంది. బురదలో తిరిగి వచ్చిన బండి ఏ సీలు కారుస్తోందో అప్పుడే కళ్లకు కనిపిస్తుంది, ఇంకా ఎవరూ కడిగి రంగు వేయలేదు.

తగ్గిన పన్ను లోన్‌లో పోకుండా

పన్ను తగ్గింపు కంటే పెద్ద మొత్తం వడ్డీ పద్ధతిలో దాగి ఉంటుంది. "9 శాతమే" అన్న మాట విన్నప్పుడు ఫ్లాటా, తగ్గే అసలు మీదా అని అడగండి.

5 లక్షల లోన్, 5 ఏళ్లు, ఆరు నెలలకో కిస్తీ, మొత్తం 10 కిస్తీలు. ఫ్లాట్ 9 శాతం అంటే ఏటా 45,000 చొప్పున 2,25,000 వడ్డీ. ఒక్కో కిస్తీ 72,500. మీరు అసలు తీర్చుకుంటూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 5 లక్షల మీదే పడుతూ ఉంటుంది. అదే లోన్ తగ్గే అసలు మీద 10 శాతానికి తీసుకుంటే కిస్తీ సుమారు 64,750. అంకె చూస్తే 10 పెద్దది, కట్టేది చూస్తే సుమారు 77,000 తక్కువ. ఫ్లాట్ 9 శాతాన్ని తగ్గే అసలు లెక్కలోకి మారిస్తే దాదాపు 14.8 శాతం అవుతుంది. ఇందాక జీఎస్టీలో రావాల్సిన 49,000 కంటే ఈ 77,000 ఎంత పెద్దదో చూడండి.

రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.50 నుంచి 5.25 శాతానికి దించింది. ఆ తగ్గుదల మీ లోన్‌కు వస్తుందా అన్నది ఒప్పందంలో ఫిక్స్‌డ్ అని ఉందా, మారే వడ్డీ అని ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందే తీర్చేస్తే జరిమానా ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, లోన్‌తో పాటు అంటగట్టే బీమా ఎంత అన్నవి సంతకానికి ముందు రాయించుకోండి. కిస్తీ నెల మీ పంట డబ్బు చేతికొచ్చే నెలతో కలవాలి. వరి రైతుకు ధాన్యం డబ్బు రాకముందే కిస్తీ పడితే మధ్యలో చేబదులు వడ్డీ ఇంకో ఖర్చు.

ధర కంటే గంటలు ముఖ్యం

ఈ భాగం నిదానంగా చదవండి. ధర 25,000 తగ్గిందా పెరిగిందా అని నెలలు ఎదురుచూసే రైతు, తన బండి ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్క వేయకపోవడమే పెద్ద నష్టం.

7,50,000 పెట్టి కొన్న బండి 10 ఏళ్లు, 10,000 గంటలు నడిచి, చివర 10 శాతానికి అమ్ముడుపోతుందనుకుందాం. ఇంజినీర్లు వేసే మామూలు లెక్క ఇదే.

అరుగుదల: 6,75,000ను 10తో భాగిస్తే ఏటా 67,500.
వడ్డీ: సగటు పెట్టుబడి 4,12,500 మీద 10 శాతం అంటే 41,250. సొంత డబ్బు పెట్టినా ఇది వేసుకోవాల్సిందే, ఆ డబ్బు ఇంకోచోట పనిచేసేది కదా.
ఇన్సూరెన్స్, షెడ్డు: ధరలో 2 శాతం అనుకుంటే 15,000.

మొత్తం ఏటా 1,23,750. బండి కదిలినా కదలకపోయినా ఇది పడుతుంది. ఏడాదికి 1,000 గంటలు తిరిగితే గంటకు 124 రూపాయలు. 300 గంటలే తిరిగితే 412.

ఇప్పుడు పన్ను తగ్గింపు 49,000 పూర్తిగా మీకే వచ్చిందనుకోండి. పై లెక్కలో ఏటా 8,085 తగ్గుతుంది. 300 గంటల రైతుకు గంటకు 27 రూపాయలు. అదే రైతు పక్కవాళ్ల పొలాల్లో కిరాయికి వెళ్లి 300ను 450 చేస్తే గంట ఖర్చు 412 నుంచి 275కు దిగుతుంది. ప్రభుత్వం ఇచ్చిన తగ్గింపు కంటే అయిదు రెట్లు.

కొనాలా, కిరాయికి పిలుచుకోవాలా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. మీ ఊళ్లో గంట కిరాయి 1,000 అనుకుందాం. రోటావేటర్‌తో 45 హెచ్‌పీ బండి గంటకు నాలుగున్నర లీటర్లు తాగితే డీజిల్ 430 రూపాయల చుట్టూ. డ్రైవరు 100, ఆయిల్, ఫిల్టర్లు, రిపేర్లు 90. మొత్తం 620. గంటకు మిగిలేది 380. 1,23,750ను 380తో భాగిస్తే 326 గంటలు. ఏడాదికి అంతకంటే తక్కువ పని ఉంటే, కిరాయికి పిలుచుకున్నవాడే లాభంలో ఉన్నాడు. మీ ఊరి కిరాయి, మీ ఊరి డీజిల్ ధర పెట్టి ఈ లెక్క మళ్లీ వేయండి. ఎన్ని ఎకరాలు, ఎన్ని సాళ్లు, ఎకరానికి ఎంతసేపు అన్నది గుణిస్తే మీ గంటలు వస్తాయి. సమయానికి బండి దొరకదన్న భయం నిజమైనదే, దానికి కొంత విలువ కట్టుకోవచ్చు. కానీ అది ఎంతో అంకె వేసి కట్టుకోండి.

పాత బండికి ధర కట్టడం

అమ్మేవాడు "నేను 7,84,000 పెట్టి కొన్నా" అంటాడు. అందులో 84,000 పన్ను. ఇవాళ కొత్తది కొనేవాడు కట్టే పన్ను సుమారు 36,000. అతను ఎంతకు కొన్నాడన్నది పక్కన పెట్టి, అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంత అన్న దగ్గర మొదలుపెట్టండి.

కొత్తది 7,60,000. బండి 4,000 గంటలు తిరిగింది. 10,000 గంటల్లో 90 శాతం విలువ అరుగుతుందనుకుంటే 4,000 గంటలకు 36 శాతం, అంటే 2,73,600. మిగిలింది 4,86,400. ఇది పై హద్దు. ఇక్కడి నుంచి రిపేర్లు తీసేస్తూ కిందికి రావాలి.

మీటరు చూపించే గంటలను అలాగే నమ్మకండి. పాత బండ్లలో ఉండే మెకానికల్ అవర్ మీటర్ ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి తిరుగుతుంది. నిర్ణీత ఆర్‌పీఎం దగ్గర నడిస్తేనే గంటకు ఒక గంట చూపిస్తుంది. తక్కువ వేగంలో ట్రాలీ లాగిన బండి గడియారం ప్రకారం ఆరు గంటలు తిరిగినా మీటరులో అంత పడదు. మీటరు పనిచేయకపోతే ఏళ్లతో లెక్కించండి. సొంత పొలానికే వాడిన బండికీ, కిరాయికి తిప్పిన బండికీ తేడా పెడల్స్ రబ్బరు చెబుతుంది, సీటు చెబుతుంది.

ట్రాలీ బండిని పట్టుకునే చోటు హుక్కు. వెనక్కి వెళ్లి పిన్ను తీసేసి ఆ రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పండి. గుండ్రంగా ఉంటే సరే. ముందూ వెనకా సాగి కోడిగుడ్డులా ఉంటే ఇసుకో ఇటుకో ఏళ్ల తరబడి లాగింది. అలాంటి బండికి వెనక టైర్లలో గళ్లు మధ్యలో ఎక్కువ అరిగి ఉంటాయి, క్లచ్ ప్లేటు చివరి దశలో ఉంటుంది. ఖాళీ జాగాలో బండిని పై గేరులో పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ప్లేటు పట్టు బాగుంది. ఆగకుండా గరగరలాడుతూ నడుస్తుంటే బండిని రెండుగా విడదీసే పని ఉందని అర్థం.

దమ్ములో తిరిగిన బండి వేరు. కేజ్ వీల్స్ (బురదలో తిరగడానికి వేసే ఇనుప చక్రాలు) వేసి బురదలో దిగినప్పుడు నీరు వెనక యాక్సిల్ సీళ్లను దాటి లోపలికి పోతుంది. గేర్ ఆయిల్ లెవెల్ బోల్టు విప్పి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబారి ఉంటే నీళ్లు కలిశాయి. వెనక చక్రం లోపలి వైపు తడి జిడ్డు ఉంటే సీలు పోయింది. డెల్టా ఆయకట్టు బండ్లలో ఈ రెండూ తప్పకుండా చూడాలి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో రెండు సీజన్లు నడిస్తే బేరింగులు, గేరు పళ్లు గుంటలు పడతాయి. అప్పుడు ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోదు.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే, మీ కోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారు. మర్నాడు పొద్దున్నే వెళ్లండి. రేడియేటర్ మూత చల్లగా ఉండగానే తీసి, స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. పది నిమిషాలు నడిచాక బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర చెయ్యి పెట్టండి. పొగ దెబ్బదెబ్బగా కొడుతుంటే రింగులు, బోర్లు అరిగాయి.

లిఫ్ట్ పరీక్షకు టేపు కావాలి. రోటావేటర్ గానీ 9 పళ్ల కల్టివేటర్ గానీ తగిలించి పూర్తిగా లేపి, ఇంజిన్ ఆపేయండి. లివర్ ముట్టుకోకండి. లేపిన పరికరం కిందికి మనిషి గానీ చెయ్యి గానీ వెళ్లకూడదు. పక్క నుంచి కింది లింక్ చివర నుంచి నేలకు ఎత్తు కొలవండి. పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. రెండు మూడు అంగుళాలు జారితే హైడ్రాలిక్ పని ఉంది. చల్లగా ఉన్నప్పుడు నిలబడి, గంట దున్నాక జారితే కంట్రోల్ వాల్వ్ అరిగి ఉండవచ్చు. వేడి ఆయిల్ పలచబడి ఆ సందుల్లోంచి దిగిపోతుంది. పిస్టన్ సీలు కంటే ఈ పనికి ఖర్చు ఎక్కువ.

టైర్లకు అందాజు వద్దు. టైరు గోడ మీద అండాకారంలో నాలుగు అంకెలుంటాయి. 3422 అంటే 2022లో 34వ వారం. గళ్ల ఎత్తు స్కేలుతో కొలవండి. అదే సైజు కొత్త టైరును షాపులో కొలవండి. కొత్తది 34 మిల్లీమీటర్లు, ఇది 12 ఉంటే, 22 అరిగింది. జత 40,000 అయితే 26,000 తీసేయాలి. టైరు ధర ఇవాళ్టి 5 శాతం పన్నుతో వేసిందే కావాలి, పాత ధర కాదు. ఈ మాట అమ్మేవాళ్లకు మేలు చేస్తుంది, వాళ్లూ గుర్తుపెట్టుకోవాలి.

క్లచ్, లిఫ్ట్, సీళ్లకు మెకానిక్ చేత కాగితం మీద అంచనా రాయించండి. అదీ టైర్లూ కలిపి 70,000 అనుకుంటే, 4,86,400 నుంచి తీసేస్తే 4,16,400. మీరు పలికే మాట దానికి కిందనే మొదలవ్వాలి.

పరికరాలను కాటా మీద పెట్టండి

రోటావేటర్, కల్టివేటర్, నాగలి కొనేటప్పుడు కొలత చాలా సులువు. అవి ఇనుము. ధరను బరువుతో భాగించండి. 1,12,000 రోటావేటర్ 420 కిలోలుంటే కిలో 267. పక్క షాపులో 1,05,000కు ఇస్తానన్నది 360 కిలోలే ఉంటే కిలో 292. చవక అనుకున్నదే ప్రియం. బరువు కాగితంలో రాసింది కాకుండా, కుదిరితే కాటా మీద తూచిందే తీసుకోండి. నల్లరేగడిలో తేలిక ఫ్రేమ్ వంగుతుంది, గేర్‌బాక్స్ బోల్టులు వదులవుతాయి. చల్కా నేలలో చిన్న బండికి తేలికదే మంచిది కావచ్చు. 6 అడుగుల దానికి సాధారణంగా 42 బ్లేడ్లుంటాయి, లెక్కపెట్టండి. బ్లేడు మందం కూడా కొలిపించండి.

సబ్సిడీలో కొంటుంటే ఒక్క ప్రశ్న చాలు: సబ్సిడీ లేకుండా నగదుకు ఇదే పరికరం ఎంత? నగదు ధర 1,10,000, సబ్సిడీ జాబితాలో 1,30,000, మీకు వచ్చే సబ్సిడీ 45,000 అనుకుందాం. మీరు కట్టేది 85,000. మీకు నిజంగా కలిసొచ్చింది 25,000. సబ్సిడీ మంజూరుకు ఒక సీజన్ ఆగాల్సి వస్తే, ఆ సీజన్‌లో పోయే కిరాయి ఆదాయాన్ని ఈ 25,000తో పోల్చుకోండి.

డబ్బు ఇచ్చేముందు

పాత బండి ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే, లోన్ తీరినట్టు ఆ సంస్థ సంతకం చేసిన ఫారం 35, దాని ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకు ఫారం 29, 30. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 కూడా. ట్రాలీకి విడిగా ఆర్‌సీ ఉంటుంది, ట్రాక్టర్ కాగితాల్లో అది కలిసి రాదు. ఛాసిస్ నంబరును పెయింటు గీకి, పెన్సిల్ కాగితం మీద రుద్ది, ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి. ఒకే రాష్ట్రంలో అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అది చేయకపోతే ఆ బండి చేసే ప్రమాదానికి పాత యజమాని పేరే ముందుకొస్తుంది.

కొత్త బండి అయితే షెడ్డు దాటేలోపు బిల్లు చూడండి. అందులో హెచ్‌ఎస్‌ఎన్ 8701 (జీఎస్టీలో ట్రాక్టర్ల కోడ్), జీఎస్టీ 5 శాతం, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, తయారీ సంవత్సరం ఉండాలి. డిస్కౌంట్ ఇచ్చామన్న మొత్తం బిల్లులోనే తగ్గి కనిపించాలి. "తర్వాత ఖాతాలో వేస్తాం" అంటే ఆ మాటను షోరూం లెటర్‌హెడ్ మీద తేదీతో, ముద్రతో రాయించుకున్నాకే తాళం తీసుకోండి.